‘వలె’ కనిపిస్తే ఉపమేనా? అలంకారాల్లో అసలు చిక్కు ఎక్కడుంది

ఈ మూడు వాక్యాలు చూడండి.

ఆ మేడలు కొండల్లా ఉన్నాయి.
ఆ మేడలు ఆకాశాన్ని ముద్దాడుతున్నాయా అన్నట్లున్నాయి.
ఆ మేడలు ఆకాశాన్ని తాకుతున్నాయి.

పదో తరగతి పిల్లల్ని అడిగితే మొదటిది ఉపమ, రెండోది ఉత్ప్రేక్ష, మూడోది అతిశయోక్తి అని టకటకా చెప్పేస్తారు. ఇలాంటి వాక్యాలు పాఠ్యపుస్తకాల్లోనూ గైడుల్లోనూ ఏళ్ళ తరబడి తిరుగుతున్నవే. గైడులో లేని వాక్యం ఒకటి ఇచ్చి చూడండి. ‘అతని మాటలు తూటాల్లా తగిలాయి’ అంటే ఉపమ అని వెంటనే చెబుతారు. ‘అతను మాట్లాడుతుంటే ఎక్కడో తూటాలు పేలుతున్నట్టుంది’ అంటే మాత్రం టెన్షన్ మొదలవుతుంది. ‘అట్టు’ ఉంది కాబట్టి ఉపమ అని ఒకరు, ఊహ ఉంది కాబట్టి ఉత్ప్రేక్ష అని ఇంకొకరు. టెట్, డీఎస్సీకి తయారయ్యే పెద్దవాళ్ళదీ ఇదే అవస్థ.

చిక్కంతా మనం నేర్చుకున్న పద్ధతిలోనే ఉంది. వలె, పోలె, లాగా ఉంటే ఉపమ; ‘కాబోలు’, ‘ఏమో’ ఉంటే ఉత్ప్రేక్ష; ఏదీ లేకపోతే రూపకం. ఈ గుర్తులు కొంత దూరం పనికొస్తాయి, ఆ తర్వాత తప్పుదోవ పట్టిస్తాయి. వాక్యంలో ఏ మాట ఉందని చూడడం కంటే, ఆ వాక్యం రెండు వస్తువుల్ని పక్కపక్కన పెట్టి ఏం చేస్తోందని చూడడమే నమ్మదగిన దారి. ప్రాచీన ఆలంకారికులు చేసిన పని కూడా అదే. భరతుడి నాట్యశాస్త్రంలో ఉన్న అలంకారాలు నాలుగే: ఉపమ, రూపకం, దీపకం, యమకం. పదహారో శతాబ్దంలో అప్పయ్య దీక్షితుడు కువలయానందం రాసేసరికి ఆ సంఖ్య వంద దాటింది. కొత్త గుర్తుమాటలు పుట్టి పెరిగిన లెక్క కాదది. ఉన్న పోలికనే సన్నగా, ఇంకా సన్నగా విడదీసి చూసిన ఫలితం. ఆ వందా ఇక్కడ చెప్పడం లేదు. జనం నిజంగా తడబడే చోట్లే చూద్దాం.

ముందుగా నాలుగు మాటలు

మనం దేని గురించి చెబుతున్నామో అది ఉపమేయం. దేనితో పోలుస్తున్నామో అది ఉపమానం. రెండింటిలోనూ ఉన్న గుణం సమానధర్మం. పోలికను తెలిపే మాట ఉపమావాచకం. ‘ఓ కృష్ణా! నీ కీర్తి హంస వలె ఆకాశగంగలో మునుగుతోంది’ అనే పాఠ్యపుస్తక వాక్యంలో కీర్తి ఉపమేయం, హంస ఉపమానం, మునగడం సమానధర్మం, ‘వలె’ ఉపమావాచకం. నాలుగూ ఉన్నాయి కాబట్టి ఇది పూర్ణోపమ. ఒకటో రెండో లోపిస్తే లుప్తోపమ. ఈ వాక్యం తెలుగు పుస్తకాలవాళ్ళు అల్లింది కాదు. అప్పయ్య దీక్షితుడి కువలయానందంలోని సంస్కృత ఉదాహరణకు తెలుగు అది. కొన్ని వందల ఏళ్ళుగా ఆ హంస మునుగుతూనే ఉంది, మనం మార్చలేదు.

కల్లంలో ఒక మిరప రాశి

గుంటూరు వైపు ఎండలు ముదిరే రోజుల్లో పండు మిరపకాయలు కోసి కల్లాల్లో ఆరబోస్తారు. ఎటు చూసినా ఎరుపే. ఆ మిరపకాయల్ని ఉపమేయంగా, నిప్పుల్ని ఉపమానంగా పెట్టుకుని ఒక్కొక్క అలంకారాన్నే నడిపించి చూద్దాం. వస్తువులు రెండే. వాటి మధ్య సంబంధం మాత్రం ప్రతి వాక్యంలోనూ మారుతుంది.

‘కల్లంలో మిరపకాయలు నిప్పుల్లా ఎర్రగా ఉన్నాయి.’ ఇది ఉపమ. మిరపకాయలు మిరపకాయలే, నిప్పులు నిప్పులే. రెండూ వేరని చెప్పేవాడికీ వినేవాడికీ తెలుసు. పోలిక ఉందని మాత్రమే అంటున్నాం.

‘కల్లంలో ఎవరో నిప్పులు ఆరబోశారు కాబోలు.’ ఇది ఉత్ప్రేక్ష. ఇక్కడ పోలిక దగ్గర ఆగలేదు. మనసు ఒక అడుగు ముందుకేసి, ఇవి నిప్పులేనేమో అని ఊహ కట్టింది. అది ఊహేనని చెప్పేవాడికి తెలుసు, అయినా అటే మొగ్గుతున్నాడు.

‘కల్లం నిండా మిరప నిప్పులు రాజుకున్నాయి.’ ఇది రూపకం. ఊహ కూడా పోయింది. మిరపకాయలే నిప్పులన్నాం. అయితే ‘మిరప’ అనే మాట వాక్యంలో ఇంకా ఉంది. రెండు వస్తువులూ కనిపిస్తున్నాయి, వాటి మధ్య గోడ మాత్రం తీసేశాం.

‘రైతు చేలో నిప్పులు కోసుకొచ్చి కల్లంలో ఆరబోశాడు.’ మిరప అన్న మాటే లేదు. ఉపమానం ఉపమేయాన్ని మింగేసింది. దీన్ని రూపకాతిశయోక్తి అంటారు. దీని దగ్గరికి మళ్ళీ వద్దాం.

‘ఇవి మిరపకాయలా, నిప్పులా?’ అంటే సందేహం. ఉత్ప్రేక్షకూ దీనికీ తేడా మొగ్గులో ఉంది. ఉత్ప్రేక్షలో మనసు ఉపమానం వైపు ఒరుగుతుంది. సందేహంలో తక్కెడ రెండు వైపులా సమానంగా ఊగుతుంది.

‘పట్నం నుంచి వచ్చిన పిల్లాడు కల్లాన్ని చూసి బకెట్‌తో నీళ్ళు పట్టుకొచ్చాడు.’ ఇది భ్రాంతిమంతం. పిల్లాడు నిజంగానే నిప్పులనుకున్నాడు. ఊహ అయితే నీళ్ళు తెచ్చేవాడు కాదు. ‘ఇవి మిరపకాయలు కావు, నిప్పులు’ అంటే అపహ్నుతి, అంటే ఉన్నదాన్ని కాదనడం. ‘నిప్పులు ఆరిపోతాయి, ఈ మిరపకాయల మంట ఆరదు’ అంటే వ్యతిరేకం. ఉపమానం కంటే ఉపమేయమే మిన్న అయింది. ‘నిప్పులు మిరపకాయల్లా ఎర్రగా ఉన్నాయి’ అని తలకిందులు చేస్తే ప్రతీపం. ‘గుంటూరు మిరపకు గుంటూరు మిరపే సాటి’ అంటే అనన్వయం. రామరావణ యుద్ధం రామరావణ యుద్ధంలాగే ఉందన్న రామాయణ వాక్యం దీనికి అందరూ చెప్పే ఉదాహరణ.

అప్పయ్య దీక్షితుడు చిత్రమీమాంసలో ముఖాన్నీ చంద్రుణ్ణీ తీసుకుని ఇదే ఆట ఆడాడు. ఉపమ అనేది ఒకే ఒక్క నటి, రకరకాల వేషాలు కట్టి కావ్యరంగం మీద ఆడి రసికుల్ని రంజింపజేస్తుంది అన్నాడు. అర్థాలంకారాల్లో, అంటే అర్థం మీద నిలిచే అలంకారాల్లో, చాలా వాటిని విడివిడిగా బట్టీ పట్టనక్కర్లేదని ఆ ఒక్క మాటతో తెలుస్తుంది. రెండు వస్తువుల మధ్య దూరం ఎంత అన్నదే అసలు ప్రశ్న. వేరుగా ఉంచి పోల్చారా, ఒకటేనేమో అనుకున్నారా, ఒకటే అన్నారా, ఒకదాన్ని మాయం చేశారా?

పైన ‘ఈ మిరపకాయల మంట’ అన్నప్పుడు ఇంకొకటి కూడా జరిగింది, గమనించారో లేదో. మంట అంటే నిప్పుకుండేదీ, నాలుకకు తెలిసేదీ. ఒకే మాట రెండు అర్థాలిస్తూ రెండు వస్తువుల్ని కలిపింది. అది శ్లేష. ఒకే వాక్యంలో రెండు అలంకారాలు ఉండొచ్చన్నమాట. దీని సంగతి చివర్లో చూద్దాం.

సమాసంలో దాక్కున్న అలంకారం

‘ముఖపద్మం’ అనే సమాసం ఉపమా, రూపకమా? పద్మం వంటి ముఖం అని విడదీస్తే ఉపమ, ముఖమనే పద్మం అని విడదీస్తే రూపకం. సమాసాన్ని ఎంతసేపు చూసినా జవాబు దొరకదు, ఎందుకంటే జవాబు దాని పక్కనున్న క్రియలో ఉంటుంది. ‘ఆమె ముఖపద్మం నవ్వింది’ అంటే నవ్వడం ముఖం చేసే పని. ప్రధానం ముఖమే, కాబట్టి ఉపమ. ‘ఆమె ముఖపద్మం రేకులు విచ్చింది’ అంటే రేకులు విచ్చేది పద్మం. ముఖాన్ని పద్మంగా మార్చేశాం, కాబట్టి రూపకం.

మన కల్లంలోనూ అంతే. ‘మిరప నిప్పులు రాజుకున్నాయి’ అంటే రూపకం. ‘మిరప నిప్పుల్ని టిక్కీల్లో తొక్కి యార్డుకు తోలారు’ అంటే మళ్ళీ మిరపకాయల లోకంలోకి వచ్చేశాం. నిప్పుల్ని ఎవరూ టిక్కీల్లో (మిరప బస్తాల్లో) తొక్కరు కదా. ఆ వాక్యంలో నిప్పులు పోలికకే ఉన్నాయి. పరీక్షలో సమాసం ఒక్కటే ఇచ్చి అలంకారం పేరు చెప్పమంటే, ప్రశ్న సగమే ఇచ్చారని అర్థం.

పదమూడు వందల ఏళ్ళ నాటి ‘అట్టు’ తగువు

ఇప్పుడు అసలు పేచీ. ‘అట్లు’, ‘అట్టు’ అనే మాట ఉపమలోనూ వస్తుంది, ఉత్ప్రేక్షలోనూ వస్తుంది. సంస్కృతంలో ‘ఇవ’ అనే మాటది ఇదే తంతు. మృచ్ఛకటికం అనే సంస్కృత నాటకంలో ఒక ప్రసిద్ధ శ్లోకం ఉంది: ‘లింపతీవ తమోఽంగాని వర్షతీవాంజనం నభః’. చీకటి ఒంటికి పూస్తున్నట్టుంది, ఆకాశం కాటుక కురుస్తున్నట్టుంది అని భావం. ఇందులో ‘ఇవ’ రెండుసార్లు ఉంది. ‘ఇవ’ ఉంది కాబట్టి ఉపమే అని అప్పట్లోనే కొందరు అన్నారు.

సుమారు ఏడెనిమిది శతాబ్దాల మధ్య జీవించిన దండి, కావ్యాదర్శంలో ఈ ఒక్క శ్లోకం కోసం ప్రత్యేకంగా వాదనకు దిగాడు. ఆయన వాదన సూటిగా ఉంటుంది. పోల్చాలంటే ఎదురుగా ఒక వస్తువు ఉండాలి. ‘పూస్తోంది’, ‘కురుస్తోంది’ అనేవి వస్తువులు కావు, క్రియలు. క్రియ ఉపమానం కాలేదు. చీకటి దేనిలా ఉంది అని అడిగితే ‘పూస్తోందిలా ఉంది’ అని జవాబు రాదు. కాబట్టి ఇక్కడ పోలిక లేదు. చీకటి వ్యాపించడాన్నే పూయడంగా కవి ఊహించాడు. ఇది ఉత్ప్రేక్ష. ఆ తర్వాత ఉత్ప్రేక్షను తెలిపే మాటల జాబితా ఒకటి ఇచ్చి (అనుకుంటాను, శంకిస్తాను, తప్పక, బహుశా, లాంటివి) ‘ఇవ’ కూడా అలాంటి మాటే అని తేల్చాడు.

దీన్ని తెలుగుకు అన్వయిస్తే మొదట్లో వదిలేసిన తూటాల వాక్యం తేలిపోతుంది. ‘మాటలు తూటాల్లా తగిలాయి’ అన్నప్పుడు తూటా ఒక వస్తువు, మాటల్ని దాంతో పోల్చాం. ‘అతను మాట్లాడుతుంటే ఎక్కడో తూటాలు పేలుతున్నట్టుంది’ అన్నప్పుడు ‘దేనిలా?’ అని అడిగి చూడండి. జవాబుగా ఒక వస్తువు దొరకదు. జరగని సంఘటన ఒకటి జరుగుతోందని ఊహించాం. ఉత్ప్రేక్ష. ‘దేనిలా’ అంటే నామవాచకం దొరికితే ఉపమ, ‘ఏం జరుగుతున్నట్టు’ అంటే క్రియ దొరికితే ఉత్ప్రేక్ష వైపు చూడాలి.

ఇదీ ఇనుప సూత్రమేమీ కాదు. ‘తల్లి బిడ్డను సాకినట్టు ఆమె ఆ తోటను సాకింది’ అనే వాక్యంలో ‘అట్టు’ క్రియకే అంటుకుంది, అయినా ఉపమే. తల్లి, బిడ్డ లోకంలో ఉన్నవాళ్ళు, సాకడం లోకంలో జరిగేదే. దాంతో ఇంకొక సాకడాన్ని పోల్చాం. ఆకాశం కాటుక కురవడం అలా కాదు, అది కవి తలలో తప్ప ఎక్కడా జరగదు. క్రియ కనిపించాక ఈ రెండో ప్రశ్న కూడా వేసుకోవాలి: ఉపమానం లోకంలో ఉన్నదా, అప్పటికప్పుడు కల్పించిందా?

అతిశయోక్తి అంటే గొప్పలు చెప్పడమేనా

బళ్ళో చెప్పే అతిశయోక్తి తేలిక: ఉన్నదాన్ని ఎక్కువ చేసి చెప్పడం. మేడలు ఆకాశాన్ని తాకడం, తాటిచెట్టంత మనిషి. రోజూ ఇంట్లో వాడేది కూడా ఇదే. ‘నీకు లక్షసార్లు చెప్పాను’ అనని తల్లి ఉండదు.

శాస్త్రంలో ఈ పేరుకు పరిధి ఇంకా పెద్దది. కువలయానందంలో రూపకాతిశయోక్తికి ఇచ్చిన ఉదాహరణలో, రెండు నల్లకలువల నుంచి వాడి బాణాలు వెలువడుతున్నాయి చూడు అంటాడు. కలువలు కళ్ళు, బాణాలు చూపులు. కళ్ళ పేరు గానీ చూపుల పేరు గానీ ఎత్తలేదు. ఇక్కడ సైజు పెంచడం ఏమీ లేదు, ఉపమేయం మాయమవడమే ఉంది. రైతు నిప్పులు కోసుకొచ్చాడన్న వాక్యం ఈ రకమే. చాలా గైడుల్లో ఈ భాగం ఉండదు. అందుకే ‘అమ్మ ఒడిలో చందమామ నిద్రపోతోంది’ లాంటి వాక్యం ఇస్తే పిల్లలు రూపకం అని రాస్తారు. చందమామ అంటే బిడ్డే, కానీ బిడ్డ అన్న మాట లేదు కాబట్టి శాస్త్రం లెక్కలో అది రూపకాతిశయోక్తి. బళ్ళో నేర్పని తేడాకు పిల్లల మార్కులు కోయడం న్యాయం కాదనే నాకనిపిస్తుంది.

రెండు వాక్యాలు పక్కపక్కన ఉంటే

వేమన పద్యం అందరికీ వచ్చిందే:

అల్పుడెపుడు పల్కు నాడంబరముగాను
సజ్జనుండు పల్కు చల్లగాను
కంచు మ్రోగునట్లు కనకంబు మ్రోగునా

ఇందులో ‘అట్లు’ ఉంది. గుర్తుమాట పట్టుకుని వెళ్ళేవాళ్ళు ఉపమ అంటారు. కానీ ఆ ‘అట్లు’ కలుపుతున్నది కంచునూ కనకాన్నీ. అల్పుణ్ణీ కంచునూ కలిపే మాట పద్యంలో ఎక్కడా లేదు. మనుషుల గురించి ఒక మాట చెప్పి, లోహాల గురించి ఇంకో మాట చెప్పి ఊరుకున్నాడు. ఒకదాన్ని అద్దంలో చూస్తే రెండోది కనిపిస్తుంది. బింబం, ప్రతిబింబం అనే ఈ పద్ధతి దృష్టాంతం. ‘ఉప్పు కప్పురంబు’ పద్యం కూడా ఈ కోవలోదే.

దృష్టాంతంతో తారుమారయ్యేది అర్థాంతరన్యాసం. ‘హనుమంతుడు సముద్రాన్ని లంఘించాడు. మహాత్ములకు సాధ్యం కానిది లేదు కదా!’ రెండు వాక్యాలే ఇక్కడా. అయితే మొదటిది ఒక ప్రత్యేక సంఘటన, రెండోది అందరికీ వర్తించే సామాన్య సత్యం. ఒకటి రెండోదాన్ని బలపరుస్తోంది. దృష్టాంతంలో రెండూ ఒకే మెట్టు మీద ఉంటాయి. ఇక్కడ ఒకటి ప్రత్యేకం, ఒకటి సామాన్యం.

చెవికి తెలిసేవి

శబ్దాలంకారాలు తేలికంటారు. నా మటుకు నాకు వీటిలోనే ఎక్కువ తికమక కనిపిస్తుంది, ఎందుకంటే నాలుగైదు పేర్లు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. అక్షరం తిరిగొచ్చిందా, మాట తిరిగొచ్చిందా, వచ్చినప్పుడు అర్థం మారిందా అని వరసగా అడుగుతూ పోవాలి.

ఒకే హల్లు పదే పదే వస్తే వృత్త్యనుప్రాస. గజేంద్ర మోక్షంలో విష్ణువు వెంట నడిచే లక్ష్మి తడబాటును చెబుతూ పోతన ‘అడిగెదనని కడువడి జను’ అని మొదలుపెట్టి డకారంతో పద్యమంతా నింపాడు. అడుగు పడీ పడకుండా ఆగే నడక ఆ డకారాల్లో వినబడుతుంది. అందుకే ఆ పద్యం నిలిచింది. ఊరికే ఒక అక్షరాన్ని పోగేస్తే అలంకారం పేరు వస్తుంది గానీ అందం రాదు. హల్లుల జంట అర్థం మారుతూ వెంటవెంటనే వస్తే ఛేకానుప్రాస: ‘అరటి తొక్క తొక్కరాదు’. మొదటి తొక్క పండుది, రెండోది కాలిది.

మాట మారకుండా, అర్థమూ మారకుండా, తాత్పర్యం మారితే లాటానుప్రాస. ‘కమలాక్షు నర్చించు కరములు కరములు’ అన్న పోతన పాదంలో రెండు కరములూ చేతులే. రెండో దానికి ‘అసలైన చేతులంటే అవే’ అన్న బరువు వచ్చింది. ఇది పద్యాల్లోనే ఉండే వింత అనుకోనక్కర్లేదు. ‘అమ్మ చేసిన పప్పే పప్పు’ అన్న ప్రతివాళ్ళూ లాటానుప్రాస వాడినట్టే.

అక్షరాల గుంపు తిరిగొచ్చి ప్రతిసారీ అర్థం మారితే యమకం. నరకాసురుడితో యుద్ధానికి సిద్ధమైన సత్యభామతో కృష్ణుడి మాటలుగా పోతన రాసిన కందం దీనికి మంచి ఉదాహరణ:

లేమా! దనుజుల గెలువగ
లేమా? నీవేల కడగి లేచితి విటు రా
లే మాను మానవేనిన్
లే మా విల్లందికొనుము లీలం గేలన్

మొదటి ‘లేమా’ ఓ మగువా అని పిలుపు. రెండోది మేము గెలవలేమా అన్న ప్రశ్న. మూడో చోట ‘లే’, ‘మాను’ అని విరుగుతుంది: లే, ఈ పని మాను. నాలుగో చోట ‘లే’, ‘మా విల్లు’ అని ఇంకోలా విరుగుతుంది: మానకపోతే లేచి మా విల్లు అందుకో. చెవికి నాలుగుసార్లూ ఒకే మోత, మనసుకు నాలుగు వేరువేరు అర్థాలు.

ఈ పద్యంలోనే ఇంకో చిక్కు కూడా విప్పుకోవచ్చు. మామూలు మాటల్లో ప్రాస అంటే పాదాల చివర ఒకేలా మోగడం. ఛందస్సులో దాని పేరు అంత్యప్రాస. ‘అడుసు తొక్కనేల, కాలు కడగనేల’ అనే సామెతలో ఉన్నది అదే, అలంకారాల్లో దాన్ని అంత్యానుప్రాస అంటారు. ఛందస్సులో ఉత్తి ‘ప్రాస’ అంటే ప్రతి పాదంలో రెండో అక్షరం ఒకే హల్లు కావడం. అది నియమం, అలంకారం కాదు. పై కందంలో నాలుగు పాదాల రెండో అక్షరమూ మకారమే, దాంతో ప్రాస నియమం తీరిపోయింది. పోతన అక్కడితో ఆగలేదు, మొదటి అక్షరాన్ని కూడా కలిపి మొత్తం ‘లేమా’నే తిప్పాడు. నియమం దాటి అదనంగా చేసిన ఆ పనే యమకం.

ఇక శ్లేష, యమకం తేడా ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. మాట రెండుసార్లు వచ్చి రెండు అర్థాలిస్తే యమకం, ఒక్కసారే వచ్చి రెండు అర్థాలిస్తే శ్లేష. ‘మావిడాకులు తెచ్చివ్వండి’ అని అడిగినావిడకు గుమ్మానికి కట్టుకునే ఆకులు కావాలో, కోర్టు కాగితాలు కావాలో వినేవాడు తేల్చుకోవాలి.

ఇంగ్లీషు పేర్లతో పొత్తు కుదురుతుందా

ఇంగ్లీషు మీడియం పిల్లలు సిమిలీ అంటే ఉపమ, మెటఫర్ అంటే రూపకం, హైపర్‌బొలీ అంటే అతిశయోక్తి అని జతలు కట్టుకుంటారు. మొదటి జత బాగానే ఉంటుంది. రెండో జతలో మెటఫర్ వాటా పెద్దది. మిరప నిప్పులు రాజుకున్నాయన్నా మెటఫరే, రైతు నిప్పులు కోసుకొచ్చాడన్నా మెటఫరే. మన లెక్కలో అవి రెండు వేరు అలంకారాలు.

పర్సనిఫికేషన్‌కు మన దగ్గర విడిగా ఒక గది లేదు. కమలం సూర్యుణ్ణి చూసి సిగ్గుపడింది అంటే, కమలం మీద నాయిక ప్రవర్తనను ఎక్కించారు కాబట్టి సమాసోక్తి అంటారు. సిగ్గుపడినట్టుంది అంటే ఉత్ప్రేక్షలోకి పోతుంది. మెటానమీ సంగతి ఇంకా వేరు. ‘ఊరంతా జాతరకు కదిలింది’ అంటే కదిలింది ఊరు కాదు, జనం. మనవాళ్ళు దీన్ని అలంకారాల్లో చేర్చనే లేదు. మాటకుండే శక్తుల్లో ఒకటైన లక్షణ కింద చెప్పారు. గంగలో గొల్లపల్లె ఉందంటే గంగ ఒడ్డున ఉందని అర్థం చేసుకోవడం దీనికి శాస్త్రకారుల పాత ఉదాహరణ. రెండు సంప్రదాయాలూ ఒకే సరుకును వేరువేరు అరల్లో సర్దుకున్నాయి. ఒకదాని చీటీలు తెచ్చి రెండోదాని అరలకు అంటించబోతేనే ఇబ్బంది.

నగా, ఒళ్ళా?

అసలు అలంకారం లేకుండా కవిత్వం ఉంటుందా? దీని మీద పండితులు శతాబ్దాల పాటు తగువులాడారు. కావ్యానికి శోభ తెచ్చే ధర్మాలే అలంకారాలన్నాడు దండి. సౌందర్యమే అలంకారం అన్నాడు వామనుడు. తొమ్మిదో శతాబ్దంలో ఆనందవర్ధనుడు వచ్చి, కావ్యానికి ఆత్మ ధ్వని (పైకి చెప్పకుండా స్ఫురింపజేసే అర్థం), అలంకారం దానికి లొంగి ఉండాలన్నాడు. కవి విడిగా కష్టపడకుండా, రసంతో పాటు తానుగా వచ్చేదే అలంకారమని ఆయన మాట. శృంగారంలో, అందులోనూ విరహంలో యమకాల కోసం పాకులాడొద్దని హెచ్చరించాడు కూడా. ఏడుస్తున్నవాడు మాటలతో గారడీ చేస్తే ఎవరు నమ్ముతారు?

మమ్మటుడు కావ్యప్రకాశంలో ఒక్కోచోట అలంకారం లేకపోయినా కావ్యమేనని ఒప్పుకున్నాడు. ఆ ‘అనలంకృతీ’ అన్న మాట చంద్రాలోకం అనే అలంకార గ్రంథం రాసిన జయదేవుడికి మండింది (గీతగోవింద కర్త వేరు, ఈయన వేరు). అలంకారం లేని శబ్దార్థాల్ని కావ్యమని ఒప్పుకునేవాడు, వేడి లేని నిప్పును ఎందుకు ఒప్పుకోడు అని ఎదురు ప్రశ్న వేశాడు. ఆ శ్లోకంలో మొదటి సగం ‘అనలంకృతీ’తో ముగుస్తుంది, రెండో సగం ‘అనలం కృతీ’తో ముగుస్తుంది. మొదటిది అలంకారం లేనివి, రెండోది నిప్పును అనీ పండితుడు అనీ విరిగే రెండు మాటలు. వాదిస్తూనే యమకం వేశాడు. తర్కంగా చూస్తే మమ్మటుడి మాటకు ఇది జవాబు కాదు. కానీ అలంకారం వాదనకు ఎంత బలం తెస్తుందో చూపించడానికి ఇంతకంటే మంచి నమూనా దొరకదు.

ఉన్నదున్నట్టు చెప్పే స్వభావోక్తి మీదా పేచీ ఉంది. దండి దాన్ని అలంకారాల్లో మొదటిదన్నాడు. కుంతకుడు అసలు ఒప్పుకోలేదు. వస్తువు స్వభావమే ఒళ్ళు, ఒళ్ళే నగ అయితే ఇక నగ దేనికి పెడతారు, ఎవడైనా తన భుజం మీదికి తానే ఎక్కగలడా అని అడిగాడు. మన పాఠ్యపుస్తకాలు దండి పక్షమే. నాకూ అటే మొగ్గు. తల్లికోడి రెక్కలు దించి, మెడ ఈకలు నిక్కబొడిచి, పిల్లల్ని కిందికి లాక్కుని గద్దవైపు ఒక కంటితో చూసిందని రాయాలంటే, ఎన్నో వివరాల్లోంచి ఆ నాలుగే ఏరుకోవాలి. ఆ ఏరుకోవడం కవి చేసిన పనే.

ఈ చర్చలకు తెలుగు నేలతో సంబంధం గట్టిది. ఓరుగల్లులో విద్యానాథుడు కాకతి ప్రతాపరుద్రుణ్ణే నాయకుడిగా పెట్టి ఉదాహరణలన్నీ ఆయన మీదే అల్లి ప్రతాపరుద్రీయం రాశాడు. ఆ దారిలోనే రామరాజభూషణుడు తెలుగులో కావ్యాలంకార సంగ్రహం రాశాడు, నరసభూపాలీయం అని పిలుచుకునేది దాన్నే. కోనసీమ ముంగండవాడని చెప్పే జగన్నాథ పండితరాయలు, అప్పయ్య దీక్షితుడి చిత్రమీమాంసను ఖండించడానికి విడిగా ఒక గ్రంథమే రాశాడు.

రెండు జవాబులూ ఒప్పయ్యే చోటు

మిరపకాయల మంట దగ్గర వ్యతిరేకమూ శ్లేషా కలిసి వచ్చాయని చూశాం. శాస్త్రం దీనికి ముందే ఏర్పాటు చేసుకుంది. రెండు అలంకారాలు నువ్వులూ బియ్యమూ కలిపినట్టు ఉంటే, అంటే దేనికది ఏరడానికి వీలుగా ఉంటే, సంసృష్టి. పాలూ నీళ్ళూ కలిసినట్టు విడదీయరాకుండా ఉంటే సంకరం. మంట దగ్గర ఉన్నది సంకరమే. శ్లేష తీసేస్తే వ్యతిరేకం నిలబడదు, ఎందుకంటే ఆరేదీ ఆరనిదీ ఒకే మంట అనుకుంటేనే ఆ పోటీకి అర్థం.

సంకరంలో ఒక రకం పేరు సందేహ సంకరం. ఇది ఉపమా, రూపకమా అని తేల్చే ఆధారం వాక్యంలో లేనప్పుడు, రెండూ సాధ్యమేనని ఒప్పుకోవడం. ‘ఆమె ముఖపద్మాన్ని చూశాడు’ అనే వాక్యం తీసుకోండి. చూడడం ముఖానికీ చెల్లుతుంది, పద్మానికీ చెల్లుతుంది. ఎటు తేల్చడానికీ ఆధారం లేదు. ఇలాంటి వాక్యం బిట్ పేపర్లో వచ్చి, నాలుగు ఆప్షన్లలో ఉపమ, రూపకం రెండూ ఉంటే, జవాబు రాసినవాళ్ళది తప్పు కాదు.